టవరులోని కొలువు: జీతాల ఒప్పందంలో ఏముంటుంది?

హిందూపురం, మడకశిర వైపు పల్లెల్లో రాత్రివేళ ఆరుబయట పడుకుంటే బెంగళూరు దిశగా సాగిపోయే విమానాల దీపాలు కనిపిస్తాయి. వాటికి దారి చూపేవారే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు. మార్గమధ్యంలో ఎగిరే రెండు విమానాల మధ్య సాధారణంగా ఎత్తులో వెయ్యి అడుగులో, పక్కకు ఐదు నాటికల్ మైళ్లో, అంటే సుమారు 9 కిలోమీటర్ల దూరమో ఉండేలా చూడడం వారి బాధ్యత. ఇంతటి బాధ్యతకు తగిన జీతమెంత? దానిని నిర్ణయించేదెవరు?

యజమాని ఎవరు?

2008 మే 24న దేవనహళ్లి విమానాశ్రయం ప్రారంభమైంది. దానిని నడిపేది ప్రైవేటు సంస్థ. అక్కడి గగనతల నియంత్రణ మాత్రం కేంద్ర ప్రభుత్వానికి చెందిన భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ చేతిలో ఉంది. కనుక కంట్రోలరు జీతం గురించి విమానాశ్రయ కంపెనీని అడిగి లాభం లేదు.

ఈ సంస్థలోని కార్మికుల వేతనాలు సంఘాలతో చర్చల ద్వారా, ఒప్పందం ద్వారా ఖరారవుతాయి. కంట్రోలర్లు అధికారుల వర్గానికి చెందినవారు. ప్రభుత్వ రంగ సంస్థల అధికారులందరికీ కేంద్రం జారీచేసే మార్గదర్శకాలే వీరికీ వర్తిస్తాయి. వీరి సంఘం విన్నపాలు చేయవచ్చు, చర్చించవచ్చు. కానీ హద్దులు ముందే గీసి ఉంటాయి.

హద్దులు ఏమిటి?

అమలులో ఉన్న సవరణ 2017 ఆగస్టు 3న ఉత్తర్వుగా వెలువడి, అదే ఏడాది జనవరి 1 నుంచి వర్తించింది. దాని ప్రకారం పెంపు గరిష్ఠంగా 15 శాతం. సంస్థ లాభాలు ఆ భారాన్ని మోయలేకపోతే అది 10కో, 5కో తగ్గుతుంది. అసలు లేకపోనూ వచ్చు. జూనియర్ ఎగ్జిక్యూటివ్ మూలవేతనం 40,000 రూపాయలతో మొదలవుతుంది. ఏటా 3 శాతం పెరుగుతుంది. కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం వేరు. మిగతా సౌకర్యాలకు మూలవేతనంలో 35 శాతం పరిమితి ఉంది. 40,000 మీద అది 14,000 రూపాయలు. తదుపరి సవరణకు పదేళ్లు మించరాదని కూడా ఆ ఉత్తర్వే చెబుతోంది.

కనుక కొత్త ప్రతిపాదన ఏది వచ్చినా పెంపు శాతాన్ని మాత్రమే చూస్తే చాలదు. నైపుణ్యానికి, రాత్రి విధులకు ఇచ్చే సొమ్ము ఈ 35 శాతంలోనే సర్దుకోవాలా, దానికి వెలుపల ఉంటుందా అన్నది చూడాలి. మొదటిదైతే ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నట్లే.

డబ్బొక్కటేనా?

2019 డిసెంబరులో దేవనహళ్లిలో రెండో రన్‌వే ప్రారంభమైంది. రన్‌వేను కాంక్రీటుతో వేయవచ్చు. కంట్రోలరును తయారుచేయాలంటే శిక్షణ కావాలి, ఆపై ప్రతి స్థానానికీ విడిగా అర్హత పొందాలి. 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో కంట్రోలర్ల కొరతను, అలసటను ప్రస్తావించి హెచ్చరించింది. జీతం పెరిగి మనుషులు పెరగకపోతే ఉన్నవారి మీదే భారం పడుతుంది. మనుషులు పెరిగి జీతం పెరగకపోతే అనుభవజ్ఞులు నిరుత్సాహపడతారు. రెండు వాదాల్లోనూ న్యాయముంది.

అమెరికా అనుభవం ఇక్కడ గుర్తుంచుకోదగినది. 1981 జూన్‌లో అక్కడి కంట్రోలర్ల సంఘ నాయకులు ప్రభుత్వంతో ఒక ముసాయిదా ఒప్పందానికి వచ్చారు. జీతం, పనిగంటల విషయంలో అది చాలదని దాదాపు 95 శాతం సభ్యులు తిరస్కరించారు. ఆగస్టు 3న సమ్మె మొదలైంది. రెండు రోజులకే అధ్యక్షుడు రీగన్ 11,000 మందికి పైగా ఉద్యోగులను తొలగించాడు. ఆ శాఖలో తిరిగి చేరడానికి వారిపై ఉన్న నిషేధం 1993 వరకు తొలగలేదు. వారు అలసట గురించి చెప్పినదంతా అబద్ధం కాదు. కాని కాదన్న తరువాత ఏం జరుగుతుందన్న లెక్క తప్పింది.

మన పిల్లలకు

భౌతికశాస్త్రం, గణితంతో బి.ఎస్సీ. చదివినవారు, ఇంజనీరింగ్ పట్టభద్రులు ఈ ఉద్యోగానికి పోటీ పడవచ్చు. సాధారణ గరిష్ఠ వయోపరిమితి 27 ఏళ్లు. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. పంపే తల్లిదండ్రులు మొదటి నెల జీతం ఎంతో అడుగుతారు. వారానికి ఎన్ని రాత్రులు మేలుకోవాలో, పక్కన కూర్చోవడానికి మరో మనిషి ఉన్నాడో లేడో కూడా అడగాలి. ఆ మేలుకొలుపు మీదే మన తల మీదుగా పోయే ప్రయాణికుల క్షేమం ఆధారపడి ఉంది.