నెక్రోసిస్ అంటే ఏమిటి?

మనిషి మంచం మీద కూర్చుని మనతో మాట్లాడుతూనే ఉంటాడు. అయినా డాక్టరుగారు అతని కాలిని పరీక్షించి, "ఇక్కడ నెక్రోసిస్ వచ్చింది" అంటారు. అంటే ఆ భాగం చనిపోయిందన్నమాట! మనిషి బతికుండగా అతని శరీరంలో కొంత భాగం చనిపోవడం ఎలా సాధ్యం?

ముందు ఆ మాట సంగతి చూద్దాం. గ్రీకు భాషలో 'నెక్రోస్' అంటే శవం. ప్రాణమున్న శరీరంలో కొన్ని కణాలు, లేదా ఒక కణజాలం దెబ్బతిని చనిపోవడాన్ని వైద్యులు నెక్రోసిస్ అంటారు.

మన ప్రతి కణానికీ ప్రాణవాయువునూ, ఆహారాన్నీ అందించేది రక్తం. కాలువకు అడ్డుకట్ట వేస్తే చివరి మడికి నీరందక పైరు ఎండిపోతుంది కదా! రక్తం అందని కణం గతి కూడా అంతే. ముందు దాని శక్తి తరిగిపోతుంది. లోపలికి నీరు చేరి కణం ఉబ్బుతుంది. చివరకు పైపొర చిట్లి, లోపలి పదార్థాలు బయటికి వస్తాయి. అందువల్ల చుట్టుపక్కల భాగం వాస్తుంది.

అన్ని కణాలకూ ఓర్పు ఒకేలా ఉండదు. రక్తం పూర్తిగా ఆగిపోతే మెదడు కణాలు నాలుగైదు నిమిషాల్లోనే చనిపోసాగుతాయి. గుండె కండరానికి సుమారు అరగంట గడువు. కాలి కండరాలు కొన్ని గంటలు తట్టుకుంటాయి. రక్తం ఆగడమే కాదు. కాలిన గాయాలు, ఆమ్లాలు, సూక్ష్మజీవులు, పాము విషం కూడా నెక్రోసిస్ కలిగిస్తాయి.

ఈ మాటను కొన్ని ఇతర మాటలతో కలిపి పొరబడే అవకాశం ఉంది. మొదటిది గాంగ్రీన్. రక్తం అందక కాలివేలు, పాదం వంటి పెద్ద భాగం చనిపోయి నల్లబడితే దానిని గాంగ్రీన్ అంటారు. చక్కెర వ్యాధిని అదుపులో ఉంచుకోని వారి పాదాలకు ఈ ప్రమాదం ఎక్కువ. ప్రతి గాంగ్రీన్‌లోనూ నెక్రోసిస్ ఉంటుంది. కాని ప్రతి నెక్రోసిస్ గాంగ్రీన్ కాదు.

రెండవది అపోప్టోసిస్. తోకకప్ప కప్పగా మారేటప్పుడు దాని తోక ఏమవుతుంది? అక్కడి కణాలు తమంతట తామే, ఒక క్రమంలో అంతరిస్తాయి. ఇది దెబ్బ తగిలి వచ్చిన చావు కాదు, ఎదుగుదలలో ఒక భాగం. ఆకులు రాలడాన్ని సూచించే గ్రీకు మాట నుంచి కెర్, వైలీ, కరీ అనే శాస్త్రజ్ఞులు 1972లో దీనికి ఈ పేరు పెట్టారు.

మూడవది కుళ్ళు. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో ఒక వైరస్ తెగులు సుమారు 2,25,000 హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసింది. శాస్త్రజ్ఞులు దానిని 'స్టెమ్ నెక్రోసిస్' అన్నారు. తెలుగులో 'కాండం కుళ్ళు' అంటాం. నిజానికి కుళ్ళడం వేరు, నెక్రోసిస్ వేరు. ముందు కణజాలం చనిపోతుంది. ఆ చనిపోయిన దానిలో సూక్ష్మజీవులు పెరిగితే, అప్పుడు కుళ్ళుతుంది.

ఈ తేడా తెలిస్తే మనకేం లాభం అంటారా? చాలా ఉంది. మా రామాపురం లాగే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతమంతా వరి పొలాలు. చేలగట్ల మీద పాముల భయం ఉండనే ఉంటుంది. పాము కరవగానే చాలామంది చేసే పని, కాటుకు పైన తాడుతో గట్టిగా బిగించి కట్టడం. నాగుపాము, రక్తపింజర విషాలు కాటు వేసిన చోట కణజాలాన్ని చంపగలవు. పైన తాడు బిగిస్తే విషం అక్కడే నిలిచి మరింత హాని చేయవచ్చు. రక్తం ఆగి మిగిలిన కాలు కూడా చచ్చుబడవచ్చు. ప్రాణం దక్కినా కాలు పోవచ్చు!

కాబట్టి తాడు కట్టకూడదు. గాటు పెట్టకూడదు, నోటితో పీల్చకూడదు. కరిచిన కాలికో చేతికో ఉన్న కడియాలు, పట్టీలు, ఉంగరాలు వాపు రాకముందే తీసివేయాలి. బద్ద ఆసరాగా పెట్టి, బిగించకుండా గుడ్డ చుట్టి, కదలకుండా ఉంచాలి. నడిపించకుండా వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు మందు అక్కడే ఉంటుంది. ఆ మందు రక్తంలో తిరుగుతున్న విషాన్ని అణచగలదు. అప్పటికే చనిపోయిన కణాలను మాత్రం బతికించలేదు. అందుకే ప్రతి నిమిషమూ విలువైనదే.

ఈ సంగతి మీ ఇంట్లో పొలానికి వెళ్ళే పెద్దవాళ్ళకు ఈ రోజే చెబుతారు కదూ!