బండి ఎవరి పేరున ఉంది?



సరిహద్దు తాలూకాల్లో ఉండే మనకు ఒక మాటతో చిన్న తమాషా జరుగుతూ ఉంటుంది. తెలుగులో దండ కట్టడమంటే పూలు గుచ్చడం. కన్నడంలో దండ కట్టడమంటే జరిమానా చెల్లించడం. హెల్మెట్టు లేకుండా మడకశిర నుంచి పావగడకు వచ్చిన మన బంధువును పోలీసు ఆపి "దండ కట్టు" అన్నాడనుకోండి, ఎవరి మెడలో వెయ్యాలా అని ఆయన ఒక్క నిమిషం ఆలోచిస్తాడు. హోసూరు వైపు వెళితే అదే అబరాదం అవుతుంది. మాట ఏదైనా దాని వెనుక ఉన్న చట్టం ఒక్కటే. అది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. దానికి చేసిన సవరణల వల్ల 2019 సెప్టెంబరు 1 నుంచి జరిమానాలు చాలా పెరిగాయి.

చట్టం ఒక్కటే అయినప్పుడు హద్దు దాటగానే రేటు ఎందుకు మారుతుందని చాలామంది నన్ను అడుగుతుంటారు. పోలీసు సొంతంగా పెంచాడనుకుంటారు. అది నిజం కాదు. ఈ చట్టంలోని 200వ సెక్షను ప్రకారం కొన్ని చిన్న నేరాలకు కోర్టు దాకా పోకుండా అక్కడికక్కడే రుసుము కట్టి కేసు ముగించుకోవచ్చు. దీన్ని కాంపౌండింగు అంటారు. ఆ రుసుము ఎంతో నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలది. హెల్మెట్టు లేనందుకు చట్టంలో రాసింది 1,000 రూపాయలు. కర్ణాటక ప్రభుత్వం 2019 సెప్టెంబరులోనే ఆ రుసుమును 500కు తగ్గించింది. తమిళనాడు 2022 అక్టోబరులో 1,000 చేసింది. కనుక పక్క రాష్ట్రంలో ఎక్కువ అడిగినంత మాత్రాన మోసమని గొడవ పడకండి. రసీదు అడగండి. అందులో సెక్షను నంబరు ఉందో లేదో చూసుకోండి.

లైసెన్సు సంగతి మాత్రం వేరు. ఏ రాష్ట్రంలో ఇచ్చిన లైసెన్సయినా దేశమంతటా చెల్లుతుంది. "ఇది ఆంధ్రా లైసెన్సు, ఇక్కడ పనికిరాదు" అని ఎవరైనా అంటే ఆ మాట తప్పు. బండి రిజిస్ట్రేషనుకు అలాంటి స్వేచ్ఛ పూర్తిగా లేదు. వేరే రాష్ట్రపు నంబరున్న బండిని 12 నెలలకు మించి మన ఊళ్లో ఉంచుకుంటే ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి. హిందూపురంలో మామగారు కొనిపెట్టిన బండిని అయిదేళ్లుగా ఇక్కడ నడుపుతున్న అల్లుళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక కొన్ని నేరాలు రుసుముతో తీరవు. మద్యం తాగి నడపడం అలాంటిది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే కేసు మేజిస్ట్రేటు ముందుకు పోవలసిందే. మొదటిసారి 10,000 రూపాయల జరిమానా గాని, 6 నెలల వరకు జైలు గాని, రెండూ గాని. రెండోసారి అయితే 15,000, 2 ఏళ్లు. అక్కడ "ఇక్కడే ఏదో ఒకటి చూసుకుందాం" అనే బేరాలకు దిగితే చట్టప్రకారం అది ఇంకో నేరం సుమా.

కోర్టు నుంచి సమను వస్తే మనలో చాలామంది చేసే పని దాన్ని దేవుడి పటం వెనక దోపడం. చిన్న కేసుల్లో సమను అంటే భయపడవలసింది ఏమీ లేదు. 208వ సెక్షను కింద కొన్ని కేసుల్లో స్వయంగా రానక్కరలేదు, వకీలును పంపవచ్చు, లేదా తప్పు ఒప్పుకుని కోర్టు చెప్పిన మొత్తాన్ని ముందే పంపవచ్చు అని సమనులోనే రాసి ఉంటుంది. చదివితే తెలుస్తుంది. చదవకుండా దాచిపెడితే వారెంటు వస్తుంది. అప్పుడు 500 రూపాయల పనికి రెండు రోజుల కూలీ, బస్సు చార్జీలు, వకీలు ఫీజు కలుస్తాయి. 2023 ఫిబ్రవరిలో కర్ణాటకలో పాత చలాన్లకు సగం రాయితీ ఇచ్చారు. అప్పటినుంచి రాయితీ కోసమే చలాన్లు కూడబెట్టేవాళ్లను చూస్తున్నాను. చలాను ఆగుతుందేమో గాని కోర్టు తేదీ ఆగదు.

నేను బడిపంతులును గనుక ఒక సంగతి గట్టిగా చెప్పాలి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు మోటారు సైకిళ్ల మీద బడికి వస్తున్నారు. తండ్రిని పిలిచి అడిగితే "పొలం దారే కదండీ" అంటాడు. 50 సి.సి. లోపు బండ్లకు 16 ఏళ్లు, మిగతా వాటికి 18 ఏళ్లు నిండాలి. 50 సి.సి. పెట్రోలు బండ్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? 2019లో వచ్చిన 199ఎ సెక్షను ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో సంరక్షకుడికో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. సంరక్షకుడి అనుమతితోనే నడిపాడని కోర్టు ముందుగానే భావిస్తుంది. తనకు తెలియదని, తగిన జాగ్రత్త తీసుకున్నానని నిరూపించుకోవలసిన భారం ఆయనదే. తాళంచెవి గూట్లో వదిలేసి తెలియదంటే ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా ఊరి పెద్దాయన ఒకరు ఒక సాయంత్రం ఒక కాగితం తీసుకుని ఇంటికి వచ్చారు. "అయ్యవారూ, ఇదేందో రవంత చదివి చెప్పండప్పా" అన్నారు. అది తెలుగులో ఉంది. ఆయన ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. కానీ చదువుకున్నది కన్నడ బడిలో, తెలుగు అక్షరాలు రావు. మన ప్రాంతంలో ఇలాంటి ఇళ్లు ఎన్నో మీకు చెప్పనక్కరలేదు. అది హద్దు అవతలి మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునలు నుంచి వచ్చిన నోటీసు. ప్రమాదం జరిగిన రోజున ఈయన ఊళ్లోనే వేరుశనగ వొలిపిస్తున్నారు. బండి ఎక్కి నాలుగేళ్లయింది. చెల్లెలి అల్లుడికి అమ్మేశారు.

అమ్మారు గాని పేరు మారలేదు. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టి కవరులో ఇచ్చారు. అల్లుడు ఆ కవరును ట్రంకు పెట్టెలో పెట్టాడు. ఇన్సూరెన్సు కూడా కట్టలేదు. ఒక కూలీకి కాలు విరిగింది. ఆ కూలీ వేసిన కేసులో ఆర్.సి. పుస్తకంలో ఉన్న పేరునే యజమానిగా రాశారు.

"అమ్మేసిన బండికి నేనెట్లా జవాబుదారీ?" అని పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో ఇదే ప్రశ్నకు జవాబు చెప్పింది. రిజిస్ట్రేషనులో ఎవరి పేరుందో ఆయనే చట్టం దృష్టిలో యజమాని. గాయపడినవాడు బండి చేతులు మారిన దారంతా వెతుక్కుంటూ పోనక్కరలేదు. మొదట నాకూ ఇది కఠినంగా తోచింది. ఆ కాలు విరిగిన మనిషి వైపు నుంచి ఆలోచిస్తే మరో దారి లేదనిపించింది.

ఇన్సూరెన్సు లేని బండికి మొదటిసారి జరిమానా 2,000 రూపాయలు, లేదా 3 నెలల దాకా జైలు. ఆ 2,000 చూసి ఇంతేనా అనుకుంటాం. ప్రమాదం జరిగితే పరిహారం లక్షల్లో ఉంటుంది, అదంతా సొంత జేబులోంచి పెట్టాలి. ఇన్సూరెన్సు ఉన్నా, లైసెన్సు లేనివాడికి తెలిసి బండి ఇస్తే చిక్కే. కంపెనీ బాధితుడికి చెల్లించి, ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చునని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టెంపో నడిపేవారికి ఒక మంచి కబురు కూడా ఉంది. తేలికపాటి వాహనాల లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చునని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

దెబ్బ తగిలింది మనవాళ్లకే అయితే, ప్రమాదం పక్క రాష్ట్రంలో జరిగినా మనం నివసించే చోటి ట్రిబ్యునలులోనే క్లెయిము వేసుకోవచ్చు. ఇది తెలియక పరాయి ఊరి కోర్టు చుట్టూ తిరిగినవారు ఉన్నారు. మనిషి చనిపోతే పరిహారం కేసు వేరు, నేరం కేసు వేరు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను మొదటి భాగం కింద నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవారికి 5 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు. పాత చట్టంలో ఇది 2 ఏళ్లే.

మా పెద్దాయన నోటీసును చించేస్తానన్నారు. వద్దని చెప్పాను. వెళ్లకపోతే ఆయన మాట వినకుండానే ఏకపక్షంగా తీర్పు వస్తుంది. ఆయన వెళ్లారు. మూడు వాయిదాల తరువాత లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. అల్లుడు కొంత పెట్టుకున్నాడు, ఈయన పాడి ఆవునమ్మి కొంత పెట్టారు. లోక్ అదాలత్‌లో కుదిరిన దాని మీద అప్పీలు ఉండదు, కనుక అంతటితో ముగిసింది.

బండి అమ్మేవారు సంతకాల కవరు ఇచ్చి చేతులు దులుపుకోవద్దు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా ఆర్.టి.ఓ. ఆఫీసుకు మీరే తెలియజేయాలి. హద్దు అవతలికి అమ్మితే 28వ నంబరు ఫారంతో నిరభ్యంతర పత్రం తీసుకోవాలి, గడువు 45 రోజులు. కొన్నవారికి 30 రోజులు. ఇచ్చిన ప్రతి కాగితానికి నకలు తీసి, ఆఫీసు ముద్ర వేయించుకుని దాచుకోండి. తరువాత పేరు మారిన ఆర్.సి.ని ఒకసారి మీ కళ్లతో చూడండి.