ఉమ్మడి బీరువాలో సొంత అర
(కళాశాల సర్వర్‌లో విద్యార్థి ఫోల్డర్ల గోప్యత)

కళాశాలలో విద్యార్థులు వందలాదిగా ఉన్నప్పటికీ వారందరి వ్రాతలను భద్రపరచు స్థలం తరచుగా ఒక్కటే. దానినే ఫైల్ సర్వర్ అందురు. విద్యార్థి ప్రయోగశాలలో ఏ కంప్యూటరు ముందు కూర్చున్నను, తన పేరును, పాస్‌వర్డ్‌ను తెలిపినంతనే తన ఫోల్డర్ తెరచుకొనును. నిన్న ఒక బల్ల వద్ద ఆపిన పనిని నేడు మరొక బల్ల వద్ద కొనసాగించవచ్చును. ఈ సౌకర్యం గొప్పదే. అయితే అందరి సామగ్రిని ఒకే బీరువాలో ఉంచినప్పుడు, ప్రతి అరకు వేరుగా తాళం ఉన్నదా అను ప్రశ్న తప్పక ఉదయించును.

తాళం లేనిచో కలుగు నష్టం స్వల్పమైనది కాదు. ఒకరు నెలల తరబడి శ్రమించి వ్రాసిన ప్రాజెక్టు నివేదికను మరొకరు క్షణంలో నకలు చేయగలరు. ఒకే విధమైన రెండు నివేదికలు అధ్యాపకుని చేతికి వచ్చినప్పుడు, అసలు వ్రాసినవాడు కూడ సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును. ఉపకార వేతనపు దరఖాస్తులో తండ్రి ఆదాయం, బ్యాంకు ఖాతా సంఖ్య ఉండును. సెలవు చీటీలో ఇంటి కష్టమో, అనారోగ్యమో ఉండును. ఇవి పదిమంది కంటబడరాదు. కావున ఫోల్డర్ గోప్యత యంత్రానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. విద్యార్థి గౌరవానికి సంబంధించిన విషయం.

పాత పాఠం

ఈ సమస్య కొత్తది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో నాయకత్వాన, ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలంలో వాడుకొను పద్ధతిని 1961లో ప్రదర్శించిరి. ఎవరి ఫైళ్లు వారికే దక్కుటకై దానిలో పాస్‌వర్డ్ విధానం ప్రవేశపెట్టబడినది. 1962లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన గంటలు చాలక, పాస్‌వర్డ్‌ల ఫైలునే అచ్చువేయించుకొని ఇతరుల ఖాతాలను వాడుకొన్నాడు. అటుపిమ్మట కొన్నేండ్లకు అదే యంత్రంపై ఇద్దరు నిర్వాహకులు ఏకకాలంలో పనిచేయుచుండగా రెండు ఫైళ్లు తారుమారై, ఆనాటి సందేశానికి బదులుగా అందరి పాస్‌వర్డ్‌లు ప్రవేశించిన ప్రతివారికి ప్రత్యక్షమైనవి. మొదటి సంఘటనలో కారణం ఒకని కోరిక. రెండవదానిలో ఎవరి దురుద్దేశమూ లేదు. రక్షణ విధానం ఈ రెండింటికీ తట్టుకొని నిలువవలెనని వీనివలన తెలియుచున్నది.

1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అను శాస్త్రజ్ఞులు ఈ విషయమై వ్రాసిన వ్యాసంలో రెండు సూత్రాలు నేటికీ శిరోధార్యాలు. మొదటిది: స్పష్టంగా అనుమతి ఇచ్చిననే ప్రవేశం, ఇవ్వనిచో నిరాకరణయే సహజ స్థితి. రెండవది: ప్రతివారికి వారి పనికి చాలునంత అధికారం మాత్రమే ఇవ్వవలెను. తక్కిన ఏర్పాట్లన్నియు ఈ రెండింటి విస్తరణయే.

అనుమతుల లెక్క

1969లో బెల్ ప్రయోగశాలలలో ఆరంభమైన యూనిక్స్ పద్ధతిలోను, దాని బాటలో వచ్చిన లినక్స్‌లోను ప్రతి ఫోల్డర్‌కు మూడు వర్గాల వారు ఉందురు: యజమాని, అతని గ్రూపు, ఇతరులు. ఒక్కొక్క వర్గానికి మూడు అనుమతులు: చదువుట, వ్రాయుట, ప్రవేశించుట. చదువుటకు 4, వ్రాయుటకు 2, ప్రవేశించుటకు 1 అని అంకెలు నిర్ణయింపబడినవి. మూడును కలిసిన 7. కావున 700 అనగా యజమానికి సర్వాధికారం, గ్రూపునకు శూన్యం, ఇతరులకు శూన్యం. విద్యార్థి ఫోల్డర్‌కు తగిన అంకె ఇదియే. 755 అని ఉన్నచో ఎవరైనను లోనికి వచ్చి ఫైళ్ల పేర్లు చూడవచ్చును. ఆయా ఫైళ్ల అనుమతి అడ్డుపడనిచో వానిని చదువవచ్చును కూడ. లినక్స్ శాఖలలో ప్రసిద్ధమైన ఉబుంటు చాలకాలం కొత్త యూజర్ ఫోల్డర్‌కు 755నే ఇచ్చి, 2021లో దానిని 750గా మార్చినది.

విండోస్ సర్వర్‌లో ద్వారాలు రెండు. నెట్‌వర్కు ద్వారా వచ్చువారిని మొదట షేర్ అనుమతి, తరువాత డిస్కుమీది ఫోల్డర్ అనుమతి పరీక్షించును. రెండింటిలో ఏది కఠినమో అదే చెల్లును. ఇక్కడ పొరపాటుకు మూలం వారసత్వం. పైనున్న పెద్ద ఫోల్డర్‌కు ఇచ్చిన అనుమతి లోపలి ఫోల్డర్లన్నింటికీ దానంతటదే సంక్రమించును. పై ఫోల్డర్‌ను చదువుటకు విద్యార్థులందరికీ అనుమతి ఇచ్చినచో, లోపలి ఫోల్డర్లన్నియు అందరికీ తెరచినట్లే. కావున పై ఫోల్డర్‌లో విద్యార్థులకు ఇచ్చు అనుమతి “ఈ ఫోల్డర్‌కు మాత్రమే” అని పరిమితం చేయవలెను. ప్రతి విద్యార్థి ఫోల్డర్‌లోను ఆ విద్యార్థి పేరు, నిర్వాహకుల గ్రూపు, సిస్టమ్ ఖాతా మాత్రమే మిగులవలెను.

మరొక చిక్కు కలదు. ఇతరులను ఆపవలెనన్న తొందరలో కొందరు ఆ ఫోల్డర్‌మీదనే “విద్యార్థులు” అను గ్రూపునకు నిషేధం విధింతురు. కాని ఫోల్డర్ యజమాని కూడ విద్యార్థియే కదా! అనుమతికన్న నిషేధం బలీయమైనందున అతడు తన గదికి తానే దూరమగును. నిషేధించుటకన్న అనుమతి ఇవ్వకుండుటయే సరియైన మార్గం.

ఇతరుల ఫోల్డర్ల పేర్లను కంటికి కనబడకుండ చేయు సదుపాయం కూడ విండోస్ సర్వర్‌లో ఉన్నది. అది మంచిదే, కాని దాచుట వేరు, తాళం వేయుట వేరు. షేర్ పేరు చివర డాలరు గుర్తు చేర్చినచో అది జాబితాలో కనబడదు. అయినను పేరు తెలిసినవానికి, అనుమతి ఉన్నచో, అది తెరచుకొనును.

అధ్యాపకులు అభ్యాసాలను స్వీకరించుటకు విద్యార్థుల సొంత ఫోల్డర్లను తెరవనవసరం లేదు. తపాలా పెట్టెవంటి ఒక ఫోల్డర్‌ను వేరుగా ఏర్పాటు చేయవచ్చును. అందులో ఎవరైనను తమ ఫైలును వేయగలరు. వేసినవానిని చదువగలవాడు అధ్యాపకుడొక్కడే.

ఏర్పాటు ముగిసిన పిదప పరీక్ష అవసరం. నిర్వాహకుని ఖాతాతో పరీక్షించిన ఫలితం లేదు. అతనికి అన్ని తలుపులు తెరచుకొనును. ఇద్దరు సాధారణ విద్యార్థుల పేర ఖాతాలు సృష్టించి, ఒకని ఫోల్డర్‌ను మరొకనిగా తెరచుటకు ప్రయత్నించవలెను. తెరచుకొననప్పుడే తాళం పడినట్లు.

తాళంచెవి పట్టినవారి బాధ్యత

ఎంత జాగ్రత్తగా అనుమతులు అమర్చినను అవి నిర్వాహకుని ఆపలేవు. లినక్స్‌లో రూట్ ఖాతాకు ఈ అడ్డంకులు వర్తించవు. విండోస్‌లో అడ్మినిస్ట్రేటరు ఏ ఫోల్డర్ యాజమాన్యమునైనను తాను గ్రహింపగలడు. పైగా ప్రతిరోజు తీయు బ్యాకప్‌లో అందరి ఫైళ్ల నకళ్లు ఉండును. ఆ డిస్కు బల్లమీద పడియున్నచో సర్వర్ తాళాలన్నియు వ్యర్థం. యంత్రం చేయలేని ఈ పనిని నియమం చేయవలెను. ఇది కళాశాల కమిటీవారి కర్తవ్యం. విద్యార్థి ఫోల్డర్‌ను తెరువవలసిన అగత్యం ఏర్పడినచో కారణం తెలుపు లిఖితపూర్వకమైన ఉత్తర్వు ఉండవలెను, ఇద్దరు బాధ్యుల సమక్షంలో తెరువవలెను, తేదీ, సమయం నమోదు చేయవలెను, విద్యార్థికి తెలియజేయవలెను. ఈ నియమాలు చేరిన నాడే విద్యార్థులకు చెప్పియుండవలెను. 2017 ఆగస్టు 24న భారత సర్వోన్నత న్యాయస్థానం, తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పిన పిదప ఇట్టి నియమాలను కేవలం మర్యాదగా భావించుట తగదు.

విద్యార్థుల బాధ్యత కూడ తక్కువ కాదు. పాస్‌వర్డ్‌ను స్నేహితునికి చెప్పినవాడు, లాగ్ ఆఫ్ చేయకనే బల్లవద్దనుండి లేచిపోయినవాడు తన తాళాన్ని తానే తీసి ఉంచినవాడగును. పొరుగువాని ఫోల్డర్ పొరపాటున తెరచుకొన్నచో దానిని మూసివేసి నిర్వాహకునికి తెలుపుట మంచి విద్యార్థి లక్షణం. తలుపు తెరచియున్నంత మాత్రాన లోనికి పోవుటకు అనుమతి లభించినట్లు కాదు.

అమానతు అను మాట మన రెండు భాషలలోను వాడుకలో ఉన్నది. నమ్మి మన వద్ద ఉంచిన సొత్తు అని దాని భావం. ఉంచుకొన్నవారు దానిని వాడుకొనరాదు, విప్పి చూడరాదు, అడిగిననాడు ఉన్నదున్నట్లు అప్పగించవలెను. కళాశాల సర్వర్‌లోని ప్రతి ఫోల్డర్ అట్టి అమానతు. తన వ్రాత తన అనుమతి లేనిదే పరుల కంటబడదను నమ్మకం ఉన్న విద్యార్థి మాత్రమే నిర్భయంగా వ్రాయును, తప్పులు దిద్దుకొనును, మరల వ్రాయును. విద్య అట్లే పెరుగును.