ఎన్నిక లేని విద్యార్థి ప్రాతినిధ్యం: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంత కళాశాలల నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

2023 నవంబరు 30న జరిగిన శాసనసభ ఎన్నికలలో కామారెడ్డి నియోజకవర్గం రాష్ట్రమంతటి దృష్టిని ఆకర్షించింది. నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, మరో వారానికి ముఖ్యమంత్రి కానున్న ఎ. రేవంత్‌రెడ్డి ఇద్దరూ అక్కడ అభ్యర్థులు. ఇద్దరినీ ఓడించి కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలుపొందారు. పద్దెనిమిదేళ్లు నిండి, పేరు నమోదు చేయించుకున్న డిగ్రీ విద్యార్థికి కూడా ఆ తీర్పులో భాగం ఉంది. ఇద్దరు ముఖ్యమంత్రి స్థాయి నాయకుల భవితవ్యాన్ని తేల్చే హక్కు గల ఆ విద్యార్థికి, తన కళాశాలలో తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎన్నుకొనే అవకాశం మాత్రం లేదు.

విద్యార్థి సంఘాల ఎన్నికలపై చర్చ సాధారణంగా ఉస్మానియా, కాకతీయ వంటి పెద్ద ప్రాంగణాల చుట్టూనే తిరుగుతుంది. విశ్వవిద్యాలయ పట్టా పొందేవారిలో అధికులు ప్రాంగణంలో అడుగుపెట్టకుండానే చదువు ముగించే అనుబంధ కళాశాలల విద్యార్థులు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలను దృష్టిలో పెట్టుకొని, ఈ విద్యార్థులకు ప్రాతినిధ్యం లేకపోవడం వల్ల ఏర్పడే చిక్కులనూ, ఉన్న నిబంధనలలోనే కనిపించే అవకాశాలనూ వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ‘విద్యార్థి సంఘం’ - అర్థ పరిణామం

నేడు ‘విద్యార్థి సంఘం’ అనగానే ఏబీవీపీ, ఎస్ఎఫ్ఐ, ఎన్ఎస్‌యూఐ, ఏఐఎస్ఎఫ్, పీడీఎస్‌యూ వంటి సంస్థలు స్ఫురిస్తాయి. ఇవి సభ్యత్వంపై నడిచే సంస్థలు. ఇష్టమైనవారు చేరతారు, లేనివారు చేరరు. ఒకప్పుడు అదే మాటకు మరో అర్థం కూడా ఉండేది. కళాశాలలోని విద్యార్థులందరూ ఓటు వేసి అధ్యక్షుడిని, కార్యదర్శిని, తరగతి ప్రతినిధులను ఎన్నుకొనగా ఏర్పడే యూనియన్ అది. పై సంస్థలు ఆ యూనియన్ పదవుల కోసం పోటీపడేవి. సంస్థ వేరు, యూనియన్ వేరు. యూనియన్ మరుగునపడి సంస్థలు మిగలడంతో, రెండింటికీ ఒకే మాట స్థిరపడింది.

ఈ మార్పు భాషకే పరిమితమైనది కాదు. ఎన్నిక ఉన్నప్పుడు నాయకుడు ఏడాదికొకసారి విద్యార్థుల ముందుకు వచ్చి ఓట్లు అడగవలసి ఉండేది. పని చేయనివాడు ఓడిపోయేవాడు. ఎన్నిక పోయాక నాయకుడిని నియమించేది, తొలగించేది అతని సంస్థ. సంస్థల కార్యకర్తలు నిజాయితీగా పోరాడి సాధించినవి అనేకం ఉన్నాయి, కాదనలేము. అయినా ఏ సంస్థలోనూ చేరని విద్యార్థి తరఫున మాట్లాడే అధికారం వారికి ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్న మిగులుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విశ్వవిద్యాలయాల, కళాశాలల యూనియన్ ఎన్నికలు 1980ల చివరలో ఆగిపోయాయి. ప్రాంగణాలలో హింస, రాజకీయ పార్టీల జోక్యం, కుల వైషమ్యాలు అందుకు చూపిన కారణాలు. వీటిని కేవలం సాకులుగా కొట్టిపారేయడం సరికాదు. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ప్రాంగణంలో జార్జిరెడ్డి హత్య జరిగింది. ఆ తరువాతి దశాబ్దంలోనూ ఘర్షణలు కొనసాగాయి. పిల్లలను చదువుకు పంపిన తల్లిదండ్రులు ఎన్నికల పేరు వింటేనే భయపడిన కాలం అది. అయితే ఆ కాలంలోనే మరొకటి జరిగింది. 1988 డిసెంబరులో పార్లమెంటు 61వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. 1989 మార్చి 28 నుండి ఓటు హక్కు వయస్సు 21 నుండి 18కి తగ్గింది. దేశం విద్యార్థి వయస్సువారిని విజ్ఞత గల ఓటర్లుగా గుర్తించిన రోజులలోనే ఇక్కడి కళాశాలలు వారి చేతి నుండి ఓటును తీసుకున్నాయి. తాత్కాలికమనిపించిన ఆ నిర్ణయం మూడున్నర దశాబ్దాలుగా కొనసాగుతున్నది.

3. ఎల్లారెడ్డి విద్యార్థి అర్జీ ఎవరికి?

తెలంగాణ విశ్వవిద్యాలయం 2006లో నాటి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఏర్పడింది. భిక్కనూరులో దాని దక్షిణ ప్రాంగణం ఉన్నది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లా అయినప్పుడు భిక్కనూరు కొత్త జిల్లాలోకి వచ్చింది, పరిపాలన భవనం పాత జిల్లాలోనే ఉండిపోయింది. కామారెడ్డి విద్యార్థికి డిచ్‌పల్లి 44వ జాతీయ రహదారిపై నేరుగా చేరగల చోటు. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట, గాంధారి వైపు గ్రామాల నుండి బయలుదేరే విద్యార్థికి మార్కుల జాబితాలో ఒక అక్షరం దిద్దించుకోవడం కూడా ఒక పూట కాదు, ఒక రోజు పని. ఎల్లారెడ్డికి రైలు మార్గం లేదు.

ఈ విద్యార్థి ఎదుర్కొనే సమస్యలను వరుసగా చూస్తే, ఒక్కొక్కటి ఒక్కో కార్యాలయానికి చెందుతుంది. ప్రవేశాలు 2016 నుండి ‘దోస్త్’ ద్వారా జరుగుతున్నాయి. అది ఉన్నత విద్యామండలి పరిధి. పరీక్షల కాలపట్టిక, రుసుము, కేంద్రాలు విశ్వవిద్యాలయానివి. వసతిగృహం సంక్షేమ శాఖది. బస్సు ఆర్టీసీది. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో విద్యార్థినులకు ప్రయాణ వ్యయం తప్పింది. అయితే మొదటి తరగతి వేళకు అందే బస్సు ఉన్నదా, అందులో కాలు పెట్టే చోటు ఉన్నదా అన్నవి చార్జీతో తీరే ప్రశ్నలు కావు. ఇన్ని కార్యాలయాలను కలిపి ప్రశ్నించగల స్థానం ఎన్నికైన ప్రతినిధికి ఉంటుంది. విడి విద్యార్థికి ఉండదు. అందువల్ల మిగిలిన మార్గం రోడ్డు మీద బైఠాయించడమే. రాస్తారోకోను క్రమశిక్షణ లోపంగా చూసేవారు, దానికి ముందు అర్జీ పెట్టుకొనే తలుపు ఎక్కడున్నదో కూడా చూపాలి.

బోధనా రుసుముల చెల్లింపు పథకం ఇందుకు మంచి ఉదాహరణ. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన ఈ పథకం వల్లనే అనేక కుటుంబాలలో తొలి పట్టభద్రులు తయారయ్యారు. ప్రభుత్వం బకాయిపడినప్పుడు ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలకు సంఘం ఉన్నది. బంద్ ప్రకటించి ప్రభుత్వాన్ని చర్చలకు పిలిపించగలవు. బంద్‌లో తరగతులు కోల్పోయేది, బకాయి తీరేదాకా ధ్రువపత్రాలు చేతికి రాక ఉద్యోగం, పై చదువు జారవిడుచుకొనేది విద్యార్థి. ఆ చర్చల బల్ల వద్ద అతనికి కుర్చీ లేదు. ఈ వ్యవహారంలో అప్పు తీసుకున్నది అతను కాదు, ఎగ్గొట్టినది అతను కాదు. తాకట్టులో ఉన్నది మాత్రం అతని పట్టా.

పరీక్షా కేంద్రాల సంగతి మరొకటి. 2023 జూన్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయ ఉపకులపతిని, పరీక్షా కేంద్రం మంజూరుకు లంచం తీసుకున్నారన్న ఆరోపణపై అవినీతి నిరోధక శాఖ అరెస్టు చేసింది. ఆ ఆరోపణ నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి. ఇక్కడ గమనించవలసినది వేరు. పరీక్షా కేంద్రం ఎక్కడ పెడతారన్నది విద్యార్థి ఎన్ని కిలోమీటర్లు ప్రయాణించి పరీక్ష రాయాలో నిర్ణయిస్తుంది. అంత దగ్గరి విషయంలో కూడా నిర్ణయానికి ముందు విద్యార్థి అభిప్రాయం అడిగే ఏర్పాటు లేదు. పాలకమండలిలో విద్యార్థులు ఎన్నుకొన్న సభ్యుడు ఉండడు.

4. లింగ్డో కమిటీ చూపిన నమూనా

తెలంగాణ విశ్వవిద్యాలయం పుట్టిన 2006లోనే, మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన ఏర్పడిన కమిటీ విద్యార్థి ఎన్నికలపై నివేదిక ఇచ్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఆ సిఫారసులను అమలు చేయాలని ఆదేశించింది. ఎన్నికలను వద్దన్నవారి భయాలన్నిటికీ అందులో సమాధానం వెదికే ప్రయత్నం ఉన్నది. అభ్యర్థికి 75 శాతం హాజరు ఉండాలి. ఆ సంవత్సరం తప్పిన పరీక్షలు ఉండరాదు. నేరచరిత్ర ఉండరాదు. డిగ్రీ విద్యార్థికి 22 ఏళ్లు, పరిశోధకునికి 28 ఏళ్లు గరిష్ఠ వయస్సు. వ్యయ పరిమితి 5,000 రూపాయలు. ప్రక్రియ మొత్తం పది రోజులలో ముగియాలి. ఇప్పటి ఫ్లెక్సీల ధరలకు ఐదు వేలు ఒక కూడలికి కూడా చాలవు. ముద్రిత పోస్టర్లనే నిషేధించి, చేతితో రాసినవాటినే అనుమతించారు గనుక ఆ చిక్కు రాదు.

అంతగా ప్రచారంలోకి రాని అంశం మరొకటి ఉన్నది. అన్ని విశ్వవిద్యాలయాలకూ ఒకే పద్ధతి పనికిరాదని కమిటీ గుర్తించింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి ఒకే ప్రాంగణం గలచోట విద్యార్థులందరూ నేరుగా ఓటు వేయవచ్చు. విద్యార్థులు అనేక చోట్ల విస్తరించి ఉన్న పెద్ద విశ్వవిద్యాలయాలలో, కింది స్థాయిలో ప్రతినిధులను ఎన్నుకొని, ఆ ప్రతినిధులు పై స్థాయి కార్యవర్గాన్ని ఎన్నుకొనే పరోక్ష పద్ధతిని సూచించింది. ఎల్లారెడ్డి, బాన్సువాడ, కామారెడ్డి కళాశాలల ప్రతినిధులు డిచ్‌పల్లిలో కూర్చొని పరీక్షల కాలపట్టిక చర్చించే దృశ్యం ఈ నమూనాలో సహజంగా ఇముడుతుంది. ఇందులో ఊరేగింపులకు, గోడరాతలకు అవకాశం తక్కువ. తరగతి గదిలో పరస్పరం తెలిసినవారు ఓటు వేసుకుంటారు.

ఎన్నికలకు అనుకూల వాతావరణం లేనిచోట నామినేషన్ పద్ధతిని పాటించవచ్చునని కూడా కమిటీ మినహాయింపు ఇచ్చింది. అది తాత్కాలిక ఏర్పాటు మాత్రమే. ఐదేళ్లలోగా ఎన్నికలకు మారాలి. 2006 నుండి లెక్కిస్తే ఆ గడువు 2011లోనే తీరింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఓటు వేస్తూనే ఉన్నారు; అదే నగరంలోని ఉస్మానియాలో, దాని నమూనాలోనే పెరిగిన రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఆ ఊసు లేదు.

5. ఫిర్యాదుల కమిటీలోని ఒక కుర్చీ

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2023 ఏప్రిల్‌లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి కొత్త నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం కళాశాలలోనూ ఫిర్యాదుల కమిటీ ఉండాలి. పదిహేను పనిదినాలలో నివేదిక ఇవ్వాలి. తృప్తి చెందని విద్యార్థి విశ్వవిద్యాలయ స్థాయిలోని అంబుడ్స్‌పర్సన్‌ను ఆశ్రయించవచ్చు. ఏర్పాటు మంచిదే. అయితే కమిటీ కళాశాలకు సిఫారసు చేయగలదు గాని ఖజానాను ఆదేశించలేదు. బకాయి మూలంగా ఆగిన పట్టా విషయంలో దాని బలం అక్కడితో ఆగుతుంది.

ఆ కమిటీలో ఒక విద్యార్థికి ప్రత్యేక ఆహ్వానితునిగా స్థానం ఉన్నది. చదువులో గాని ఆటలలో గాని, ఇతర కార్యక్రమాలలో గాని ప్రతిభ చూపినవారిని దానికి నామినేట్ చేస్తారు. ప్రథమ శ్రేణి విద్యార్థి మంచి ప్రతినిధి కాకూడదని లేదు. అయితే ప్రిన్సిపాల్ చేత ఎంపికైనవారు ప్రిన్సిపాల్ ఎదుట ఎంత స్వేచ్ఛగా మాట్లాడగలరన్నది ఆలోచించదగినది. ప్రతి తరగతి రహస్య ఓటుతో ఒక ప్రతినిధిని ఎన్నుకొని, ఆ ప్రతినిధులు ప్రతిభావంతులలో నుండి ఒకరి పేరు సూచించగా, దానినే నామినేట్ చేయడానికి నిబంధన అడ్డురాదు. దానికి కొత్త చట్టం అక్కరలేదు. ఎల్లారెడ్డిలోని ఒక చిన్న కళాశాల వచ్చే విద్యాసంవత్సరం మొదటి నెలలో, ఒక మధ్యాహ్నం, కాగితపు చీటీలతో దీనిని చేయవచ్చు.