కంచే చేను మేసే జబ్బు

పొద్దున లేచినప్పుడు మనిషి బాగానే ఉంటాడు. సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోతాయి. ఎదుటి వస్తువు రెండుగా కనిపిస్తుంది. అన్నం నమలబోతే దవడలు అలసిపోతాయి. కాసేపు విశ్రమిస్తే మళ్లీ ఓపిక వస్తుంది. చూసేవారికి ఇదంతా బద్ధకంగా తోస్తుంది. కాని ఇది బద్ధకం కాదు, మయస్థీనియా గ్రావిస్ అనే జబ్బు. ముదిరితే ఊపిరి పీల్చే కండరాలు సైతం పట్టు తప్పుతాయి.

కండరం కదలాలంటే నరం చివరినుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడాలి. కండరం మీది గ్రాహకాలు దాన్ని అందుకోవాలి. ఈ జబ్బులో ఆ గ్రాహకాలు చాలావరకు దెబ్బతింటాయి. దెబ్బతీసేది బయటి క్రిమి అనుకుంటున్నారా? కాదు, క్రిములనుంచి మనల్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే!

1934లో ఇంగ్లండులో డాక్టర్ మేరీ వాకర్ ఫైసోస్టిగ్మిన్ సూదిమందుతో ఒక రోగి బలాన్ని కొంతసేపు తిరిగి రప్పించారు. జబ్బుకు మూలం మాత్రం అప్పటికి తెలియలేదు. 1973లో అమెరికాలో పాట్రిక్, లిండ్‌స్ట్రామ్ అనే శాస్త్రజ్ఞులు విద్యుత్తు పుట్టించే ఈల్ చేపనుంచి గ్రాహకాలను తీసి కుందేళ్లకు ఎక్కించారు. వాటిని ఎదిరించడానికి కుందేళ్ల నెత్తురులో పుట్టిన ప్రతిరక్షకాలు వాటి సొంత కండరాలనే చచ్చుపరిచాయి. 1976 నాటికి రోగుల నెత్తురులోనూ ఇలాంటి ప్రతిరక్షకాలను పట్టే పరీక్ష వచ్చింది.

అయితే ఒక చిక్కు ఉంది. ప్రతిరక్షకాలు ఎక్కువున్న రోగి తేలికగా తిరుగుతుండవచ్చు. తక్కువున్న రోగి మంచం పట్టవచ్చు. కొందరిలో అవి దొరకనే దొరకవు. అందుకే శాస్త్రజ్ఞుల చూపు బాణాలనుంచి విలుకాండ్ర మీదికి మళ్లింది. ప్రతిరక్షకాలకు మూలం బి-కణాలు. వాటిని పురికొల్పేవి సహాయక టి-కణాలు. అదుపులో పెట్టేవి నియంత్రక టి-కణాలు. వీటి సంగతి తేల్చిన ముగ్గురికి 2025లో నోబెల్ బహుమతి వచ్చింది.

లేజరు వెలుగులో ఈ కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే యంత్రాలున్నాయి. బి-కణాలను తుడిచిపెట్టే రిటుక్సిమాబ్ మందు ఇచ్చాక, పాత పగను గుర్తుంచుకొనే బి-కణాలు నెత్తురులో మళ్లీ తలెత్తుతున్నాయేమో కొందరు వైద్యులు కనిపెట్టి చూస్తారు. జబ్బు తిరగబెట్టకముందే మేలుకోవాలని వారి ఆశ. ఇది ఇంకా ప్రతి ఆసుపత్రిలో జరిగే పరీక్ష కాదు.

ఈలోగా మన చేతిలో ఉన్నది ఒకటే. సాయంత్రానికి రెప్పలు వాలే మనిషి ఇంట్లో ఉంటే, సోమరి అని దెప్పకండి. నరాల వైద్యునికి చూపించండి. ఈ జబ్బుకు మందులున్నాయి.