కార్సన్ సిటీ వెండి డాలర్లు: ముద్రణ సంఖ్య, మిగులు సంఖ్య – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

నాణేల సేకరణలో అడుగుపెట్టినవారు మొదట ఆశ్రయించేది ముద్రణ సంఖ్యల పట్టికను. తక్కువగా ముద్రించినది అరుదైనదనీ, ఎక్కువగా ముద్రించినది సులభంగా లభిస్తుందనీ భావించడం సహజం. అమెరికా పశ్చిమ సరిహద్దు ప్రాంతాల్లో గనులు, జనావాసాలు విస్తరించిన కాలంలో వెలువడిన వెండి డాలర్ల విషయంలో ఈ సూత్రం చాలాసార్లు తలకిందులవుతుంది. అందుకు గల కారణాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గని పక్కన టంకశాల

1859లో నెవాడాలో కామ్‌స్టాక్ వెండి నిక్షేపం బయటపడింది. ఆ లోహాన్ని కొండలు దాటించి శాన్ ఫ్రాన్సిస్కోకు తరలించడం ఖర్చుతోనూ ప్రమాదంతోనూ కూడిన పని. గనులకు దగ్గరలోని కార్సన్ సిటీలో నెలకొల్పిన టంకశాల 1870లో నాణేల ముద్రణ ప్రారంభించింది. అక్కడి నాణేలపై ‘సి.సి.’ అనే జంట అక్షరాల గుర్తు ఉంటుంది. 1885లో ముద్రణ ఆగి, 1889లో తిరిగి మొదలై, 1893లో శాశ్వతంగా నిలిచిపోయింది. ఆ భవనం నేడు నెవాడా రాష్ట్ర మ్యూజియం.

1873 నాటి చట్టం దేశీయ చలామణికి ఉద్దేశించిన వెండి డాలరును నిలిపివేసింది. గని యజమానులు, అప్పుల్లో ఉన్న రైతులు దీనిని తీవ్రంగా వ్యతిరేకించారు. 1878 ఫిబ్రవరిలో అధ్యక్షుడు హేస్ తిరస్కారాన్ని కూడా తోసిపుచ్చి, కాంగ్రెస్ బ్లాండ్–అల్లిసన్ చట్టాన్ని ఆమోదించింది. ప్రభుత్వం నెలకు 20 లక్షల నుంచి 40 లక్షల డాలర్ల విలువ గల వెండిని కొని, డాలర్లుగా ముద్రించవలసి వచ్చింది. ఆంగ్లేయుడైన జార్జ్ మోర్గాన్ రూపొందించిన డాలరు ఇలా పుట్టింది. దాని బరువు 26.73 గ్రాములు, అందులో వెండి నూటికి 90 పాళ్లు.

ప్రజల అవసరం కన్నా గనుల ఒత్తిడే ఈ ముద్రణకు మూలం. పశ్చిమాన వెండి డాలరుకు ఆదరణ ఉన్నా, తూర్పు రాష్ట్రాలవారు ఆ బరువును జేబులో మోయడానికి ఇష్టపడలేదు. అందువల్ల అధిక భాగం వెయ్యేసి నాణేల సంచుల్లో ఖజానాలోనే ఉండిపోయింది. దానికి బదులుగా వెండి ధ్రువపత్రాలు చేతులు మారాయి.

మిగిలినవెన్ని?

1964 మార్చిలో ఖజానా వెండి డాలర్ల పంపిణీని ఆపే సమయానికి దాదాపు 30 లక్షల నాణేలు మిగిలాయి. వాటిలో అత్యధికం కార్సన్ సిటీవే. 1972–80 మధ్య ప్రభుత్వం వీటిని ప్లాస్టిక్ పెట్టెల్లో భద్రపరచి దశలవారీగా విక్రయించింది. సేకర్తల లెక్కలను మార్చివేసిన ఘటన ఇదే.

1885లో కార్సన్ సిటీలో ముద్రితమైనవి 2,28,000 మాత్రమే. వాటిలో లక్షా 48 వేలకు పైగా ఈ నిల్వలో దొరికాయి. 1879లో 7,56,000 ముద్రించినా నిల్వలో కనిపించినవి నాలుగు వేల చిల్లర. కాబట్టి మూడు రెట్లకు మించి ముద్రించిన 1879 నాణెమే చలామణి కాని స్థితిలో మిక్కిలి విలువైనది. 1885 నాణెం విషయంలో వింత మరొకటి ఉంది: అధిక భాగం సంచి దాటలేదు గనుక అరిగిన ప్రతులు దొరకడమే కష్టం. ఇక 1889లో 3,50,000 ముద్రించగా, ఆ నిల్వలో ఉన్నది ఒకే ఒక్కటి.

ఈ 1889 నాణేనికే నకిలీల బెడద ఎక్కువ. అదే ఏడాది ఫిలడెల్ఫియాలో రెండు కోట్లకు పైగా డాలర్లు ముద్రితమయ్యాయి. వాటిపై టంకశాల గుర్తు ఉండదు. అలాంటి చవక నాణెంపై ‘సి.సి.’ అక్షరాలను అతికించి మోసగిస్తారు. బరువు, సాంద్రత పరీక్షలు ఇక్కడ పనికిరావు. నాణెం నిజమైనదే, అక్షరాలే కల్పితం. అక్షరాల మొదలు ఉపరితలంలోంచి సహజంగా లేచిందా, అతుకు గీత కనిపిస్తోందా అన్నది భూతద్దంతో చూడాలి. నాణేన్ని తోమి మెరిపించడం కూడా ఈ సాక్ష్యాన్ని చెరిపివేస్తుంది. మన ఇళ్లలో వెండిని చింతపండుతో తోమే అలవాటు నాణేల పట్ల మాత్రం పనికిరాదు.

కరిగినవి ఎటు పోయాయి?

ఖజానాలో మిగలని నాణేల కథలో భారతదేశానికి ప్రత్యక్ష పాత్ర ఉంది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఇక్కడి ఎగుమతులు పెరిగి వెండి రూపాయలకు గిరాకీ విపరీతమైంది. నోట్లిచ్చి రూపాయలు కోరేవారికి చెల్లించడానికి 1918 నాటికి వెండి నిల్వలు చాలని స్థితి ఏర్పడింది. 1917 చివర ఒక రూపాయి నోటు వెలువడింది కూడా ఈ కొరతవల్లనే. బ్రిటన్ అభ్యర్థనపై అమెరికా 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం చేసి 27,02,32,722 వెండి డాలర్లను కరిగించింది. అందులో 25,91,21,554 డాలర్ల వెండి బ్రిటన్‌కు, ప్రధానంగా భారత అవసరాలకై, అమ్ముడైంది.

ఒక డాలరులో శుద్ధ వెండి 371.25 గ్రెయిన్లు, నాటి రూపాయిలో 165 గ్రెయిన్లు. అంటే ఒక డాలరు వెండి సరిగ్గా రెండుంబావు రూపాయలకు సరిపోతుంది. తరుగును పక్కనపెడితే, అమ్మిన వెండితో సుమారు 58 కోట్ల రూపాయలు ముద్రించవచ్చు. కరిగించిన నాణేలు ఏ సంవత్సరానివో, ఏ టంకశాలవో నమోదు చేయలేదు. కనుక 1889 నాటి కార్సన్ సిటీ డాలర్లు అధికంగా ఆ కొలిమిలోనే పోయాయనడం ఊహే తప్ప నిర్ధారణ కాదు. అలాగే మన ప్రాంతంలో నేటికీ కనిపించే 1918 నాటి అయిదవ జార్జి రూపాయిలో నెవాడా వెండి ఉండవచ్చుననగలమే గాని, చేతిలోని ఫలానా నాణెంలో ఉందని చెప్పలేం.

ఈ లోహపు కొరత హైదరాబాదు సంస్థానాన్నీ తాకింది. సొంత కాగితపు నోట్లు ముద్రించుకునే హక్కును బ్రిటిష్ ప్రభుత్వం నిజాముకు అంగీకరించింది ఈ సందర్భంలోనే. 1918లో పది, వంద రూపాయల ఉస్మానియా సిక్కా నోట్లు వెలువడ్డాయి. ఒకటి, అయిదు రూపాయల నోట్లు మరుసటి ఏడాది వచ్చాయి.