‘స్త్రీ’ అన్న మాటలో అక్షరాలెన్ని?

మస్కట్ వీధులలో పెరిగే మన పిల్లలకు అరబ్బీ లిపి కుడి నుండి ఎడమకు సాగుతుందని ఎవరూ బోధించనక్కరలేదు. రహదారి ఫలకాలే నేర్పుతాయి. కంప్యూటరుకు మాత్రం ఎవరో ఒకరు చెప్పవలసిందే. ‘ఈమాక్స్’ అనే ప్రసిద్ధ పాఠ్య సంపాదకానికి ఆ నడక 2012లో వెలువడిన 24.1 కూర్పుతో అలవడింది. తెలుగువారు కూడా దానిని అడుగదగిన విషయం ఒకటున్నది.

1976లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టి, 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ చేతిలో కొత్త రూపు దాల్చిన ఈ సంపాదకం విశేషమేమనగా, దీనిని వాడేవారే పెంచుకొనవచ్చును. ‘లిస్ప్’ భాషలో నాలుగు పంక్తులు వ్రాస్తే కొత్త ఆజ్ఞ సిద్ధమవుతుంది. గోడలు కదపకుండా ఇంటికి కొత్త గది కట్టుకొనుట వంటిది. అయితే పునాదిని మార్చవలసివస్తే ఇల్లు కట్టినవారిని అడుగక తప్పదు.

పిల్లల పద్యాలకు గణవిభజన చేసే చిన్న లిపి వ్రాయబోయి నేను ఈ పునాది దగ్గరనే ఆగిపోయాను. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. కాని ‘స్త్రీ’ పొడవెంత అని ఈమాక్స్‌ను అడిగితే 6 అంటుంది! స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: యూనికోడ్ లెక్కలో ఇవి ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్ల వంతున 18 బైట్లు. ‘జ్యోత్స్న’కు 9 సంకేతాలు, మన చెవికి రెండే అక్షరాలు. యంత్రం అబద్ధమాడలేదు, మన ప్రశ్న దానికి వేరుగా వినబడింది, అంతే.

యూనికోడ్ వారి సాధారణ నియమం సైతం చాలాకాలం ‘స్త్రీ’ని స్, త్, రీ అని మూడు ముక్కలు చేసింది. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 కూర్పులో తెలుగుతో పాటు మరికొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాదన్న సూత్రం చేరింది. దాని ప్రకారం ‘స్త్రీ’ ఒక్కటే.

అంతటితో సమస్య తీరినదా? లేదు. ‘మస్కట్’నే తీసుకొనండి. ఆ సూత్రం మ, స్క, ట్ అని మూడంటుంది. ఛందస్సులో చివరి పొల్లు ముందరి అక్షరానికే చెందుతుంది గనుక రెండే, రెండూ గురువులే. కనుక సంపాదకాన్ని అడుగవలసినది మొదటి లెక్క మాత్రమే. అది మన లిపి చదివేవారందరికీ అవసరం. ఛందస్సు లెక్క మన ఇంటి గది. దానిని మనమే కట్టుకొనాలి.

ఇక అడిగే తీరు. ‘పొడవు’ ఆజ్ఞనే మార్చండి అని కోరితే నిరాకరణ తప్పదు, అది న్యాయం కూడా. ఆ 6 అనే జవాబును నమ్ముకొని లోకంలో ఎన్నో లిపులు నడుస్తున్నవి. ఒకసారి ఇచ్చిన సౌకర్యాన్ని వెనుకకు తీసుకొనుట దుస్సాధ్యం. అదే 24.1లో చలరాశుల పరిధికి కొత్త పద్ధతి ప్రవేశపెట్టినప్పుడు కూడా, ఫైలు మొదటి పంక్తిలో కోరుకొన్నవారికే వర్తింపజేసి, పాతవాటిని పాతదారినే నడవనిచ్చారు. అందుచేత కొత్త పేరుతో కొత్త ఆజ్ఞనే కోరుట మేలు. విన్నపం ఫలించకపోతే దారులు చీలుటయు కద్దు. ‘విమ్’ సంపాదకానికి నేపథ్యంలో పనులు నడిపే మార్పు నిరాకరింపబడగా 2014లో ‘నియోవిమ్’ పుట్టింది. 2016లో విమ్ 8.0 సైతం అటువంటి సౌకర్యం కల్పించింది.

ఈమాక్స్‌లో దోషాలను తెలిపే ఆజ్ఞతోనే కోరికలనూ పంపవచ్చును. మీ కూర్పు సంఖ్య, మీరిచ్చిన మాట, వచ్చిన జవాబు, రావలసిన జవాబు వ్రాయండి. చదివేవారికి తెలుగు రాదని గుర్తుంచుకొని, పొల్లు అంటే ఏమిటో, ఒత్తు ఎందుకు వస్తుందో రెండు వాక్యాలలో వివరించండి. ఉదాహరణకు ‘స్త్రీ’ 1, ‘జ్యోత్స్న’ 2, ‘మస్కట్’ 3 అని జతపరచండి. మూడవదాని దగ్గర ఇది లిపి లెక్కయే గాని ఛందస్సు లెక్క కాదని తప్పక చేర్చండి.